హైదరాబాదు ఫుట్‌బాల్: మైదానమునుండి స్టేడియమునకు

పునర్విభజన నాటి భోకరు

భోకరు నేడు మహారాష్ట్రమునందలి నాందేడు జిల్లాలో ఒక తాలూకా కేంద్రము. ముద్ఖేడునుండి ఆదిలాబాదునకు పోవు రైలు మార్గముమీద నున్న ఈ పట్టణము 1956వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. మరునాడు రాష్ట్రముల పునర్విభజన శాసనము అమలులోనికి వచ్చెను. నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరినది. ముధోలు తాలూకాలోని ముధోలు, భైంసా, కుబేరు సర్కిళ్లును, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లును మాత్రము ఆ జిల్లానుండి వేరుపడి ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వటు తాలూకా అటు బొంబాయి రాష్ట్రమునకు పోయినది. 1960వ సంవత్సరము మే 1వ తేదీన మహారాష్ట్రము ఏర్పడగా భోకరు అందులో భాగమయ్యెను. నాలుగేండ్లు నిండకమునుపే ఈ పట్టణము మూడు రాష్ట్రముల పాలన చూచినది. ఊరు కదలలేదు, ఊరి ప్రజలు కదలలేదు. సరిహద్దు గీత మాత్రమే కదలినది.

హైదరాబాదు రాష్ట్రము భారతదేశ పటమునుండి తొలగిపోయిన ఆ కాలముననే ఆ పేరుగల ఫుట్‌బాల్ జట్టు దేశములో అగ్రస్థానమున నిలిచినది. రాష్ట్రముల జట్ల నడుమ 1941వ సంవత్సరమునుండి జరుగుచున్న సంతోష్ ట్రోఫీ పోటీలో 1956–57, 1957–58 సంవత్సరములందు వరుసగా రెండుమారులు హైదరాబాదు జట్టే గెలుపొందెను. అంతకుముందు 1949–50, 1950–51 పోటీలలో అది బెంగాలు జట్టుచేతిలో తుది ఆటయందు ఓడియుండెను. రాష్ట్రము పోయిన పిమ్మటను దాని పేరు కొంతకాలము బంతియాటలో బ్రతికినది. భోకరు, నాందేడు, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రాంతములవారందరికిని ఆ పేరు ఒకప్పుడు తమదే.

ఆ జట్టును తయారుచేసినవి గొప్ప కట్టడములు కావు. కంచె లేని మైదానములు, పాఠశాలల ఆటస్థలములు, పోలీసు సిబ్బంది వసించుచోట్ల నుండు బయళ్లు దానికి పుట్టినిండ్లు. తరువాతి కాలమున ఆట మైదానమును విడిచి స్టేడియములోనికి నడచెను. ఈ నడక హైదరాబాదు ఒక్కదానిది కాదు. ప్రపంచమందలి పెక్కు పట్టణములలో ఫుట్‌బాల్ క్లబ్బులు తమ పాత ఆటస్థలములను వీడి నూతన స్టేడియములకు తరలిపోయినవి. కాని తరలిన చోట్లన్నింటను ఫలితము ఒక్క రీతిగ లేదు. కొన్ని క్లబ్బులు వర్ధిల్లినవి. హైదరాబాదునందు కట్టడములు పెరిగినవి, ఆట తరిగినది. ఈ వ్యత్యాసమునకు కారణమేమన్నది విచారింపదగిన విషయము.

మైదానముల కాలము

ఫుట్‌బాల్ ఆట దక్కనునకు ఆంగ్ల సైన్యముతో వచ్చినది. 1806వ సంవత్సరమున ఏర్పడిన సికిందరాబాదు కంటోన్మెంటునందు ఆంగ్లేయ పటాలములు నివసించుచుండెను. ఆ పటాలములు ఆడిన ఆటలలో ఫుట్‌బాల్ ఒకటి. సిమ్లాయందు 1888లో డ్యూరండ్ కప్పును, బొంబాయియందు 1891లో రోవర్స్ కప్పును ఆరంభమైనవి. ఇవి మొదట తెల్లవారి సైనిక దళముల పోటీలు. పిమ్మట దేశీయులు ఆ ఆటను తమదిగా చేసికొనిరి. 1911లో కలకత్తాయందు మోహన్ బగాన్ క్లబ్బు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును ఓడించి ఐ. ఎఫ్. ఎ. షీల్డును గెలుచుకొనుట ఈ మార్పునకు తొలి గొప్ప నిదర్శనము.

ఈ ఆట త్వరితముగ వ్యాపించుటకు ముఖ్య కారణము దాని పేదరికమే యని చెప్పవచ్చును. పోలో ఆటకు గుఱ్ఱము కావలెను. టెన్నిసునకు చదునుచేసిన కోర్టు, రాకెట్లు కావలెను. క్రికెట్టునకు బ్యాట్లు, ప్యాడ్లు, రోలరుతో త్రొక్కించిన పిచ్చి కావలెను. ఫుట్‌బాలునకు ఒక బంతియు, కొంత బయలును చాలును. చెప్పులు సయితము అక్కరలేదు. 1948లో లండను ఒలింపిక్కు పోటీలకు పోయిన భారత క్రీడాకారులలో పలువురు బూట్లు లేకుండనే ఆడిరి. 1952లో హెల్సింకియందు యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోళ్లతో ఓడిన పిమ్మటనే బూట్లు ధరించుట మనదేశమున తప్పనిసరి యయ్యెను.

హైదరాబాదు నగరమున పేరుపొందిన బయలు ఫతే మైదాను. ఇది నౌబత్ పహాడ్ చెంత నున్నది. 1687లో గోలకొండ ముట్టడి కాలమున ఔరంగజేబు సైన్యము ఇచట విడిసి యుండెననియు, కోట పట్టుబడిన పిదప విజయసూచకముగ ఈ స్థలమునకు 'ఫతే మైదాను' అను పేరు కలిగెననియు చెప్పుదురు. ఆసఫ్ జాహీల కాలమున ఇచట పోలో ఆడుచుండిరి. సేనలు విడిసిన బయలు సర్దారుల పోలో స్థలమై, ఆపైన జనసామాన్యముయొక్క ఆటస్థలమైనది. పేరులో విజయము నిలిచినది. ఆ విజయము ఎవరిదన్నది కాలానుసారముగ మారుచు వచ్చినది.

బయలు మైదానమునందు ఆటకును ఊరికిని నడుమ గోడ లేదు. పనినుండి తిరిగివచ్చువాడు దారిప్రక్కన నిలిచి ఆట చూచును. పిల్లవాడు మైదానపు అంచున నిలిచి బయటికి పోయిన బంతిని తన్ని లోనికి పంపును. ఆ తన్నుటయే వాని మొదటి పాఠము. గొప్ప ఆటగానిని అతడు పది గజముల దూరమునుండి చూచును; మరునాడు అదే నేలమీద అదే విధముగ ఆడ యత్నించును. గురువు, శిష్యుడు, ప్రేక్షకుడు అను భేదము అచట స్పష్టముగ ఏర్పడదు. మైదానము ఒక పాఠశాల వంటిది. దానికి తలుపు లేదు, రుసుము లేదు.

రహీం, పోలీసు జట్టు

ఈ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడని చెప్పదగినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, వృత్తిచేత ఉపాధ్యాయుడయ్యెను. కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్ల పాఠశాలలయందు ఆయన బోధించెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై మరణపర్యంతము ఆ పదవియందుండెను. 1950నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగ నుండెను. జనులు ఆయనను 'రహీం సాబ్' అని పిలుచుచుండిరి.

రహీం శిక్షణావిధానము బడిపంతులు విధానమే. ఒక పాఠమునకు ఒక లక్ష్యము, దానికి తగిన అభ్యాసము. ఆటగాండ్రు బంతిని తమకడనే ఉంచుకొని ఒంటరిగా ముందుకు పోవు అలవాటును మాన్పుటకు డ్రిబ్లింగు లేకుండ ఆడవలసిన పోటీలు ఏర్పరచెను. కుడికాలివాటము గలవానికి ఎడమకాలు, ఎడమకాలివాటము గలవానికి కుడికాలు అలవడుటకై బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు నడపెను. బంతిని నేలపై నుంచుట, తోటివానికి వెంటనే అందించుట, అందించిన పిమ్మట నిలువక ఖాళీస్థలమునకు పరుగెత్తుట ఆయన బోధించిన ఆట. ఈ శిక్షణకు మెట్లవరుసలు, విద్యుద్దీపములు అవసరము లేదు. పెక్కుమంది బాలురు, పెక్కు మైదానములు, నిత్యము తీరిక అవసరము.

దీని ఫలితము శీఘ్రముగనే కనబడెను. హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయియందలి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు గెలిచెను. డ్యూరండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరములందు గెలిచెను. రాష్ట్రముపేరు మారిన పిమ్మట ఆంధ్ర పోలీసు జట్టను పేరుతో 1961లో ఆ కప్పునే మరల తెచ్చెను. కలకత్తాయందలి పెద్ద క్లబ్బులకు వేలకొలది సభ్యులు, ధనవంతుల పోషణ ఉండగా, ఈ జట్టువారు పోలీసు ఉద్యోగులు. కొలువు వారికి అన్నము పెట్టినది, మైదానము విద్య నేర్పినది.

రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీయందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్కులలో నాలుగవ స్థానము పొందెను. ఆ జట్టునందు హైదరాబాదువారైన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ మున్నగువారుండిరి. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇరువదియేండ్ల ప్రాయమున ఆ ఒలింపిక్కులకు పోయెను. 1960లో రోము ఒలింపిక్కులయందు హంగరీపైనను, పెరూపైనను గోళ్లు చేసెను. 1962వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన జకార్తాయందు ఆసియా క్రీడల తుది ఆటలో భారతజట్టు దక్షిణ కొరియాను 2–1 గోళ్లతో ఓడించి మరల స్వర్ణపతకము పొందెను.

ఈ జకార్తా విజయమునందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ ఆట జరిగినది సోవియట్ ప్రభుత్వ సహాయముతో అప్పుడే నిర్మింపబడిన బ్రహ్మాండమైన సెనాయన్ స్టేడియమునందు. చుట్టును లక్షమంది ప్రేక్షకులు. బయలు మైదానములయందు ఆట నేర్చినవారు ఆనాటి ఆసియాఖండమునందలి అత్యాధునికమైన స్టేడియములో గెలిచిరి. అనగా మైదానమునకును స్టేడియమునకును స్వభావసిద్ధమైన వైరము లేదు. ఒకటి ఆటగానిని పుట్టించును, రెండవది వానిని లోకమునకు చూపును. మొదటిది లేనిచోట రెండవదానికి చూపుటకేమియు మిగులదు. క్యాన్సరు వ్యాధితోనే జకార్తాకు పోయివచ్చిన రహీం 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన మరణించెను. ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలునకు మరల స్వర్ణపతకము రాలేదు.

ఫతే మైదాను స్టేడియమగుట

ఫతే మైదానునకు స్టేడియము రూపము క్రమముగ కలిగినది. 1955వ సంవత్సరము నవంబరులో భారత, న్యూజీలండు జట్ల నడుమ క్రికెట్టు టెస్టు ఆట ఇచట జరిగెను; నగరమున జరిగిన మొదటి టెస్టు అదియే. 1967లో ఈ స్థలమునకు దివంగత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టబడెను. కాలక్రమమున మెట్లవరుసలు, కప్పులు, విద్యుద్దీపములు, ఇండోర్ స్టేడియము, ఈతకొలను అమరినవి. వెలుపలి చుట్టును దుకాణములు వెలసినవి.

ఈ మార్పువలన మేలు కలుగలేదని చెప్పుట న్యాయము కాదు. ఎండవానలయందు ప్రేక్షకునకు రక్షణ కలిగినది. స్త్రీలును, పిల్లలును, వృద్ధులును త్రొక్కిసలాటలేక కూర్చుండి చూచు వీలు కలిగినది. పొరుగు రాష్ట్రముల, విదేశముల జట్లను పిలువగల స్తోమతు నగరమునకు వచ్చినది. టిక్కెట్టు సొమ్ముతో పోటీలు నడపుట సాధ్యమైనది. వేలకొలది జనులు కూడుచోట గోడలు, ద్వారములు, వరుసలు ఉండవలసినదే.

నష్టము మరియొక వైపునుండి వచ్చినది. స్టేడియము ఏ ఒక్క క్లబ్బునకును చెందినది కాదు. అది ప్రభుత్వముది. అందు క్రికెట్టు ఆడవలెను, పరుగుపందెములు నడువవలెను, సభలు జరుగవలెను. 2005లో ఉప్పలునందు క్రొత్త క్రికెట్టు స్టేడియము అంతర్జాతీయ పోటీలకు సిద్ధముకాగా, పెద్ద క్రికెట్టు అచటికి తరలిపోయెను. అంతమాత్రమున ఫతే మైదాను ఫుట్‌బాలునకు తిరిగి దక్కలేదు. అది రాజకీయ సభలకును, ప్రభుత్వోత్సవములకును వేదికయైనది. 2023వ సంవత్సరము డిసెంబరు 7న తెలంగాణ ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారము ఇచటనే జరిగినది. వేదిక వేయుటకు స్తంభములు పాతిన నేల, వేలమంది పాదములు త్రొక్కిన నేల, బంతి నేలబారున దొర్లుటకు అనువుగ నుండదు. రహీం నేర్పిన ఆటకు మొదటి అక్కర సమతలమైన నేల.

2008లో జరిగిన సంఘటన దీనికి సాక్ష్యము. ఆ సంవత్సరము ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యవారి ఛాలెంజ్ కప్పు పోటీలు హైదరాబాదునందు ఏర్పాటైనవి. వర్షములవలన మైదానము చెడిపోవుటచే ఆగస్టు 13న జరుగవలసిన తుది ఆటను ఢిల్లీయందలి అంబేద్కర్ స్టేడియమునకు మార్చిరి. అచట భారతజట్టు తజికిస్తానును 4–1 గోళ్లతో గెలిచెను. సునీల్ ఛేత్రీ మూడు గోళ్లు చేసెను. హైదరాబాదు చూడవలసిన విజయమును ఢిల్లీ చూచినది. మెట్లవరుసలు వర్షమును ఆపగలవు గాని పచ్చికనుండి నీటిని తీయలేవు. ఆ పని నేలను నిత్యము కనిపెట్టియుండు మాలిది. మాలిని నియమించువాడు ఆ నేల తనదని భావించు యజమాని.

ఇంగ్లండు, కలకత్తా అనుభవములు

ఇతర దేశములందు ఈ తరలింపు ఏ కారణమున జరిగినదో చూచినయెడల హైదరాబాదు స్థితి మరింత స్పష్టపడును. ఇంగ్లండునందు క్లబ్బుల పాత ఆటస్థలములు కార్మికుల పేటల నడుమ ఇండ్లమధ్య ఇరుకుగ నుండెడివి. ప్రేక్షకులు నిలువబడి చూచుచుండిరి. 1985వ సంవత్సరము మే 11న బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున చెక్కతో కట్టిన ప్రేక్షకశాల తగులబడి 56 మంది మరణించిరి. 1989వ సంవత్సరము ఏప్రిల్ 15న షెఫీల్డునందలి హిల్స్‌బరో ఆటస్థలమున జరిగిన త్రొక్కిసలాటవలన 97 మంది మరణించిరి. దానిపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్, 1990లో ఇచ్చిన నివేదికయందు పెద్ద ఆటస్థలములలో అందరికిని ఆసనములుండవలెనని సిఫారసు చేసెను. పాతస్థలములందు ఆసనములు వేయగా జనసంఖ్య తగ్గును, ఆదాయము తగ్గును. కావున పెక్కు క్లబ్బులు క్రొత్తచోట్లు వెదకికొనవలసి వచ్చెను.

సండర్లండు క్లబ్బు 1898నుండి తనదైన రోకర్ పార్కును 1997లో విడిచెను. ఆర్సెనల్ క్లబ్బు 1913నుండి ఆడిన హైబరీని 2006లో వదలి కొద్ది దూరములోనే క్రొత్త స్టేడియము కట్టుకొనెను; పాతస్థలమున నివాసగృహములు వెలసినవి, ఆటజరిగిన నేల ఆ ఇండ్లవారికి తోటయైనది. వెస్ట్ హామ్ క్లబ్బు 2016లో తన పాత స్థలమును వీడి 2012 ఒలింపిక్కుల కొఱకు కట్టిన స్టేడియమునకు పోగా, ప్రేక్షకులకును ఆటకును నడుమ దూరము పెరిగినదని దాని అభిమానులు విచారించిరి. ఎవర్టన్ క్లబ్బు 1892నుండి తనకు నిలయమైన గూడిసన్ పార్కునుండి 2025లో నదీతీరమందలి నూతన స్టేడియమునకు తరలినది. కాని పాతస్థలమును కూల్చివేయక ఆ క్లబ్బు మహిళాజట్టునకు ఇచ్చిరి. స్పెయిను దేశమున బిల్బావో క్లబ్బువారు 1913 నాటి సాన్ మామెస్ స్టేడియము ప్రక్కనే 2013లో క్రొత్తదానిని నిర్మించి, పాతదాని కమానును తమ శిక్షణాస్థలమునకు తీసికొనిపోయి నిలిపిరి.

ఈ ఉదాహరణములయందు సామాన్యమైన అంశమొకటి కలదు. తరలినది క్లబ్బు. దానికి సభ్యులు, బాలుర జట్లు, శిక్షణాస్థలములు ముందే ఉన్నవి. స్టేడియము మారినను ఇల్లు చెదరలేదు. కొందరు గొప్ప లాభము పొందిరి, కొందరు కొంత వేదన పొందిరి. క్లబ్బు మాత్రము నిలిచినది.

కలకత్తా మరియొక మార్గమున నడచెను. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బుల ఆటస్థలములు సైన్యాధీనమైన మైదానునందున్నవి. అచట పెద్ద కట్టడములకు వీలులేదు. 1980వ సంవత్సరము ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సునందు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు ఆడుచుండగా జరిగిన అల్లరిలో 16 మంది ప్రేక్షకులు మరణించిరి. 1984లో సాల్ట్ లేక్ స్టేడియము తెరువబడెను. 1997వ సంవత్సరము జూలై 13న ఆ రెండు క్లబ్బుల పోటీని చూచుటకు అచటికి 1,31,781 మంది వచ్చిరి. పెద్ద ఆటలు క్రొత్త స్టేడియమునకు పోయినను, క్లబ్బులు మైదానునందలి తమ డేరాలను, ఆటస్థలములను విడువలేదు. అభ్యాసము, చిన్నపోటీలు, సభ్యుల కలయిక అచటనే సాగినవి. కలకత్తావారు స్టేడియమును పొందిరి, మైదానమును నిలుపుకొనిరి.

హైదరాబాదునుండి కలకత్తాకు ఆటగాండ్రు పోవుట దీర్ఘకాలము సాగెను. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బున చేరెను. 1960 దశకమున సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారిని పోయిరి. నయీముద్దీన్ నాయకత్వమున భారతజట్టు 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలయందు కాంస్యపతకము పొందెను. 1977వ సంవత్సరము సెప్టెంబరు 24న పీలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2 గోళ్లతో సమముగ నిలిచిన ఆటలో ఒక గోలు హబీబుది. హైదరాబాదు మైదానములు పెంచిన పంట కలకత్తా గాదెలకు చేరినది. పొలము దున్నుచున్నంతకాలము ఆ ఎగుమతి సాగినది. పొలము పోయిన పిదప ఎగుమతియు ఆగినది.

గచ్చిబౌలి, క్లబ్బు కొనితేబడుట

నగరము పడమటికి పెరిగిన కాలమున గచ్చిబౌలియందు పెద్ద అథ్లెటిక్ స్టేడియము వెలసెను. 2002లో జరిగిన జాతీయ క్రీడలకును, 2003లో జరిగిన ఆఫ్రో–ఆసియా క్రీడలకును ఇది నిర్మింపబడినది. 2002లో మరణించిన లోక్‌సభ స్పీకరు జి. ఎం. సి. బాలయోగి పేరు దీనికి పెట్టిరి. సుమారు ముప్పదివేల మంది కూర్చుండుటకు చోటు కలదు. పేరునకు తగినట్లు ఇది పరుగుపందెముల స్టేడియము. ప్రేక్షకునకును ఫుట్‌బాలునకును నడుమ పరుగుబాట అడ్డముగ నున్నది.

పదునేడేండ్ల పిమ్మట ఈ స్టేడియమునకు ఒక క్లబ్బు వచ్చినది. 2019లో పూనా నగరపు క్లబ్బు స్థానమున హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడి ఇండియన్ సూపర్ లీగునందు చేరెను. మరుసటి రెండు సంవత్సరములు కోవిడ్ వ్యాధి కారణమున లీగు ఆటలన్నియు గోవాయందే జరుపబడెను. 2022వ సంవత్సరము మార్చి 20న ఫతోర్దా స్టేడియమున జరిగిన తుది ఆటలో హైదరాబాదు జట్టు కేరళ బ్లాస్టర్స్ జట్టుతో 1–1గా సమముగ నిలిచి, పెనాల్టీలలో 3–1తో గెలిచి లీగు కప్పును పొందెను. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలను ఆపెను. ఆ విజయము మెచ్చదగినది. కాని ఆ సంవత్సరము స్వస్థలమున ఒక్క లీగు ఆటయైనను ఆడకయే హైదరాబాదు పేరు గెలిచినది.

మూడేండ్లు గడచిన పిమ్మట, 2025లో, ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' అను పేరు ధరించెను. ఒక నగరమునుండి లీగులో చోటు తీసికొని వచ్చిన క్లబ్బు మరియొక నగరమునకు పోయినది. ఇంగ్లండులో క్లబ్బులు ఒక వీధినుండి మరియొక వీధికి తరలగా, ఇచట నగరమే మారినది. గచ్చిబౌలి స్టేడియము ఉన్నచోటనే యున్నది. దాని మెట్లు, దాని దీపములు చెదరలేదు. కట్టడముండినను క్లబ్బు నిలువదని ఈ ఉదంతము తెలుపుచున్నది. నేలయందు వేళ్లులేని చెట్టును ఎవరైనను తీసికొని పోవచ్చును.

దీనికి భిన్నమైన ప్రయత్నమును అదే నగరమున కనబడుచున్నది. 2015లో ఏర్పడిన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు అజీజ్‌నగర్ వద్ద డెక్కన్ ఎరీనా అను తన ఆటస్థలమును ఏర్పరచుకొని 2021–22నుండి ఐ–లీగునందు ఆడుచు వచ్చెను. 2024వ సంవత్సరము డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుదిదశ ఆటలు ఈ స్థలమునందును గచ్చిబౌలియందును జరిగెను. 31వ తేదీన బెంగాలు జట్టు కేరళను ఒక గోలుతో గెలిచెను. హైదరాబాదు రెండుమారులు వరుసగా గెలిచిన ఆ పాతకప్పు నగరమునకు అతిథిగ వచ్చి, అతిథిగనే వెళ్లినది.

ఉపసంహారము

పైని చెప్పిన చరిత్రనుండి తేలునది ఇది. మైదానమునుండి స్టేడియమునకు తరలుట దోషము కాదు. ప్రాణరక్షణ కొఱకును, ప్రేక్షకుల సౌఖ్యము కొఱకును అది అవసరము. తరలునది క్లబ్బయినచో, వెనుక మైదానము నిలిచియున్నచో, స్టేడియము ఆటకు మకుటమగును. వెనుకటి మైదానమును పోగొట్టుకొని ముందటి స్టేడియమును మాత్రమే చూచుకొన్న నగరమున మకుటము మిగులును, తల మిగులదు. హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణతకు కారణములు పెక్కు: పోలీసుశాఖ వంటి సంస్థలు ఆటగాండ్రకు పూర్వమువలె కొలువులియ్యకపోవుట, క్రికెట్టునకు పెరిగిన ఆదరణ, రహీం వంటి మరియొక గురువు దొరకకపోవుట. వీనిలో గురువును కోరి తెచ్చుట ఎవరి చేతిలోను లేదు. బయలును కాపాడుట మాత్రము ప్రజల చేతిలోను, పురపాలకుల చేతిలోను ఉన్నది.

ఈ విషయము భోకరు వంటి చిన్న పట్టణములకు ముఖ్యముగ వర్తించును. తాలూకా కేంద్రమునకు ముప్పదివేల ఆసనముల స్టేడియము రాదు, వచ్చినను నిండదు. ఊరికి చేరువగ ఒక చదునైన బయలు, దానిమీద సాయంకాలము బంతి వెంట పరుగిడు పిల్లలు, వారి తప్పు దిద్దగల ఒక ఉపాధ్యాయుడు ఉండిన చాలును. రహీంకు మొదట ఉండినది అంతమాత్రమే. ఇంటిస్థలముల ధరలు పెరుగుచున్న ఈ కాలమున ఖాళీగనున్న బయలు వ్యర్థమని తోచుట సహజము. కాని ఆ ఖాళీ ఒకప్పుడు ఒలింపిక్కులలో నాలుగవ స్థానమును, ఆసియాయందు ప్రథమ స్థానమును పండించినది.

భోకరునందును, సరిహద్దునకు ఆవలనున్న భైంసా, ముధోలులయందును తెలుగు, మరాఠీ, ఉర్దూ పలుకువారు పక్కపక్కనే జీవించుచున్నారు. హైదరాబాదు జట్టునందును అట్లే పలుభాషలవారు కలిసి ఆడిరి. సరిహద్దులు శాసనములవలన మారును. మైదానముపై గీచిన సున్నపు గీతకు ఆ భేదములు తెలియవు. పాఠశాల ఆటస్థలమును, ఊరి బయలును ఆక్రమణలనుండి కాపాడుట, అందు బాలురకును బాలికలకును ఆట నేర్పించుట తెలుగు సంఘముల వంటి సంస్థలు చేపట్టదగిన పని. పెద్ద నగరము తన మైదానములను పోగొట్టుకొని నేర్చిన పాఠమును చిన్న పట్టణము ఏమియు పోగొట్టుకొనకయే నేర్వవచ్చును.